డొమినికన్ స్పఘెట్టిలో పాలు పోయాలా, వద్దా?

పద్మ_ఎడిసన్:
మొన్న లంచ్ టైంలో మా ఆఫీసులో ఇద్దరు డొమినికన్ ఆడవాళ్లు (కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్ వాళ్లు) గట్టిగా వాదించుకున్నారు. ఒకావిడది శాంటియాగో, ఇంకొకావిడది శాంటో డొమింగో. స్పఘెట్టి సాస్‌లో ఎవాపరేటెడ్ మిల్క్ (తీపి లేని చిక్కటి డబ్బా పాలు) పోయకపోతే రుచే రాదని ఒకరు, పోస్తే అది చంటిపిల్లల తిండి అని ఇంకొకరు. సలామీ (ఉప్పగా ఉండే మాంసం సాసేజి), ఉల్లి, క్యాప్సికం, టమాటా పేస్టు, ఒరెగానో వరకూ ఇద్దరిదీ ఒకే మాట. ఇక్కడ తిన్నవాళ్లు, వండినవాళ్లు ఉంటే చెప్పండి, మీ ఓటు ఎటు?

కారంపొడి:
నా పేచీ పాలతో కాదండీ, అసలు స్పఘెట్టితోనే. న్యూయార్క్‌లో వాషింగ్టన్ హైట్స్‌లో ఒకచోట తిన్నాను. ఫోర్క్‌తో ఎత్తితే తెగిపోయేంత మెత్తగా ఉడికించారు. పక్కన మళ్లీ వేయించిన అరటికాయ బిళ్లలు! ఇటలీవాళ్లు కాస్త పలుకుండగా దింపేది ఊరికేనా?

రాజు_ప్యాటర్సన్:
కారంపొడి గారూ, దీనికి ఇటలీ కొలత పెట్టకండి. మా బిల్డింగులో సగం మంది డొమినికన్లే. కింది వాటా పెద్దావిడ వండుతుంటే దగ్గరుండి చూశాను. ముందు సలామీ ముక్కలు అంచులు ఎర్రబడి కొవ్వు వదిలేదాకా వేయించి, తీసి పక్కన పెడుతుంది. అదే నూనెలో ఉల్లి, క్యాప్సికం, వెల్లుల్లి. తర్వాత టమాటా పేస్టు, పచ్చివాసన పోయేదాకా. ఒక మ్యాగీ క్యూబు (రుచికి వేసే ఉప్పటి మసాలా బిళ్ల) నలిపి వేస్తుంది. ఆలివ్ కాయలు, ఆ సీసాలోని ఉప్పునీళ్లు కూడా ఒక చెంచా. చివర్లో ఉడికిన స్పఘెట్టి, సలామీ వేసి సన్నమంట మీద మగ్గనిస్తుంది. సాస్ పీల్చుకుని మెత్తబడేది అక్కడే, అది కావాలని చేసేదే.

ఇంకో సంగతి. అక్కడివాళ్లు పెద్ద గిన్నెడు స్పఘెట్టి వండుకుని కుటుంబమంతా బోకా చికా లాంటి బీచ్‌లకి పోతారు, మనం ప్రయాణానికి పులిహోర కట్టుకున్నట్టు. ఆ భోజనానికి ఎంపగెతాదా అని పేరు కూడా ఉంది. ఈతలు కొట్టి వచ్చాక బ్రెడ్డుతో తింటారు. ఎప్పుడో మధ్యాహ్నం తినేదాన్ని పొద్దున పలుకు మీద దింపి ఏం లాభం?

పాల విషయంలో నా ఓటు: పోయాలి, కానీ చారెడే. పేస్టు పులుపు, సలామీ ఉప్పు రెండూ కాస్త తగ్గుతాయి. డబ్బా మొత్తం ఒంపితే ఒరెగానో వాసనే తెలీదు.

సుబ్బలక్ష్మి_బెజవాడ:
మా ఊళ్లో ఆ పాల డబ్బా ఎక్కడ దొరుకుతుంది బాబూ? మిల్క్‌మెయిడ్ పోయొచ్చా? మేం మాంసం తినం, సలామీ మానేస్తే ఏమవుతుంది?

పద్మ_ఎడిసన్:
మిల్క్‌మెయిడ్ వద్దే వద్దు పిన్నిగారూ, అందులో పంచదార ఉంటుంది. ఎవాపరేటెడ్ అంటే పాలలో నీళ్లు సగానికి పైగా ఇగిరిపోయినవి, తీపి కలపరు. చిక్కటి పాలు సగానికి మరిగించి పోయండి. స్టవ్ తగ్గించాకే పోయండి, టమాటా పులుపుకి మామూలు పాలు విరిగే ఛాన్స్ ఉంది. సలామీ బదులు పుట్టగొడుగులు బాగా ఎర్రగా వేయించి, ఆలివ్‌లు కాస్త ఎక్కువ వేయండి.

కారంపొడి:
సలామీ లేకుండా అది డొమినికన్ ఎలా అవుతుందండీ? ఆ కొవ్వులో ఉల్లి వేగితేనే కదా ఆ రుచి. టమాటా స్పఘెట్టి అనండి, గొడవ ఉండదు.

నెమ్మది_నాగమణి:
సలామీ లేకుండా అక్కడివాళ్లే వండుతారు కదా కారంపొడి గారూ. కోడిమాంసంతో చేసే ఇళ్లున్నాయి, పికాపికా అనే కారం సార్డీన్ చేపల డబ్బా వేసేవాళ్లున్నారు. అదే దీవిలో పక్కనున్న హైతీలో ఎండు హెర్రింగ్ చేపతోనో సాసేజితోనో పొద్దున్నే టిఫిన్‌కి తింటారు. ఇంటింటికీ మారేదాంట్లో మీ సలామీ ఒక్కటే అసలుదని ఎలా అంటారు? నావరకైతే పాలు వద్దు. పేస్టు బాగా వేగితే పులుపు దానంతటదే తగ్గుతుంది, వేయించడానికి బద్ధకించేవాళ్లే పాలు పోస్తారు.

రాజు_ప్యాటర్సన్:
నాగమణి గారూ, కింది వాటా ఆవిడ పేస్టు నల్లబడేదాకా వేయించి కూడా పాలు పోస్తుంది. ఆవిణ్ణి బద్ధకస్తురాలని మీరే వచ్చి చెప్పండి, నావల్ల కాదు.