మూన్ లేని సభ్యుడికి కూటమి ఖర్చుతో మూన్‌షాట్ ఇవ్వాలా?

వేగుచుక్క: ఓగేమ్ అనే అంతరిక్ష యుద్ధాల ఆన్‌లైన్ ఆటలో మన కూటమికి కొత్తగా వచ్చినవారిలో చాలామందికి గ్రహం పక్కన ఒక్క మూన్ (చందమామ) కూడా లేదు. పెద్ద ఖాతాలున్నవాళ్లు తలా కొంత వేసుకుని, వరుసగా ఒక్కొక్కరికి 20 శాతం మూన్‌షాట్, అంటే కావాలని ఓడలు కూల్చి ఆ శిథిలాలతో మూన్ పుట్టే 20 శాతం అవకాశం, ఇప్పిద్దామని నా ప్రతిపాదన. మీ అభిప్రాయం రాయండి.

పాతరేవు: నేను ఒప్పుకోను. ముందు ఖర్చు చూడండి. లక్ష యూనిట్ల శిథిలాలకు 1 శాతం అవకాశం వస్తుంది, 20 దగ్గర ఆగిపోతుంది. అంటే 20 లక్షల శిథిలాలు కావాలి. లైట్ ఫైటర్ అనే చిన్న యుద్ధ ఓడ ఒక్కదానికి 3,000 లోహం, 1,000 క్రిస్టల్ పడతాయి. మన విశ్వంలో (సర్వర్‌లో) అందులో 30 శాతమే శిథిలంగా మిగులుతుంది కాబట్టి ఒక్క షాట్‌కు 1,667 ఫైటర్లు కూలాలి. 66 లక్షలకు పైగా పోసి, శిథిలాలు ఏరే రీసైక్లర్ ఓడలతో 20 లక్షలు ఏరుకుంటాం. మిగతా 46 లక్షలు పోయినట్టే. అంత పోసినా అయిదింట నాలుగు వంతులు మూన్ రాకపోవడానికే అవకాశం. నా మొదటి మూన్ ఎవరూ ఇచ్చింది కాదు. నా ఫ్లీట్ (ఓడల దండు) సగం కూలిన యుద్ధంలో వచ్చింది.

గనిమనిషి: పాతరేవు గారూ, మీరు మొదలుపెట్టిన రోజుల్లో మన చుట్టుపక్కల, మూన్ మీద నుంచి గ్రహాల ఫ్లీట్ రాకపోకలను కనిపెట్టే ఫాలాంక్స్‌లు ఇన్ని లేవు. ఇప్పుడు మూన్ లేనివాడు నిద్రపోలేడు. మనకు రాత్రి పదకొండు అయితే ప్రత్యర్థులుండే జర్మనీలో వేసవిలో ఏడున్నర. మనం పడుకునే వేళకే వాళ్లు భోజనం ముగించి ఆటకు కూర్చుంటారు. నేను గ్రహం నుంచి గ్రహానికి ఫ్లీట్ పంపి పడుకున్నాను. పక్క సౌరమండలాల్లో మూన్ ఉన్న ఒకాయన 5,000 డ్యుటీరియం (ఆటలో ఇంధనం) ఖర్చుతో స్కాన్ చేసి, నా ఫ్లీట్ దిగే సమయం సెకనుతో సహా చూసుకుని, అది దిగిన మరుక్షణమే దాడి చేశాడు. పొద్దున లేచి చూస్తే కార్గోలు, రీసైక్లర్లు, మోసుకెళ్లిన సరుకు ఏదీ లేదు. అదే ఫ్లీట్ మూన్ నుంచి బయలుదేరి, శిథిలాల దగ్గరికి వెళ్లి, తిరిగి మూన్ మీదికే వచ్చేదైతే ఏ ఫాలాంక్స్‌కూ కనిపించేది కాదు. కూటమి అంటే మనిషికి ఆ మాత్రం రక్షణ ఇవ్వాలి. అయిదు షాట్లు వేస్తే ఒకటి తగులుతుంది, అంతే కదా.

లెక్కలపురుగు: తగలదు. అయిదు షాట్లూ విఫలమయ్యే అవకాశం 32.8 శాతం, అంటే దాదాపు మూడింట ఒక వంతు. పది వేసినా ఖాళీ చేతులతో మిగిలేవాళ్లు నూటికి పదిమందికి పైనే ఉంటారు. ముందు వేసిన షాట్ల లెక్క ఆట గుర్తుపెట్టుకోదు.

గనిమనిషి: నేను చెప్పిన దాంట్లో మీకు అదొక్కటే కనిపించిందా?

లెక్కలపురుగు: అదొక్కటే తప్పు కాబట్టి. ఒక్కొక్కరికి అయిదు షాట్ల చొప్పున డబ్బు పక్కన పెడితే, ముగ్గురిలో ఒకరికి మూన్ రాకుండానే నిధి అయిపోతుంది. అప్పుడు ఆ ఒక్కరు అన్యాయం జరిగిందంటారు.

ఉత్తరధ్రువం: చిన్న షాట్లు వేసుకోవచ్చు కదా. 5 శాతానికి అయిదు లక్షల శిథిలాలు చాలు. ఒక పెద్ద షాట్ ఖర్చుతో నలుగురికి నాలుగు షాట్లు వస్తాయి.

పాతరేవు: చిన్న షాట్‌కు చిన్న మూనే పుడుతుంది. 5 శాతానికి వచ్చే మూన్ వ్యాసం 5,000 నుంచి 5,900 కిలోమీటర్లు. దాన్ని ఒక్క డెత్‌స్టార్ (మూన్లను పగలగొట్టగల భారీ ఓడ) పగలగొట్టే అవకాశం 23 నుంచి 29 శాతం. 20 శాతం షాట్‌తో 8,944 కిలోమీటర్ల దాకా రావచ్చు. అంత పెద్దదైతే ఒక్క డెత్‌స్టార్‌కు దక్కే అవకాశం 5.4 శాతమే. పైగా ఆ ప్రయత్నంలో తన డెత్‌స్టార్లే పేలిపోయే అవకాశం 47 శాతం. కోటి వనరులతో కట్టిన ఓడను అలా పణంగా పెట్టడానికి ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఫ్లీట్ బయట ఉండగా మూన్ పగిలితే అది కింద ఉన్న గ్రహం మీదికి వస్తుంది. అప్పుడు ఫాలాంక్స్‌కు చక్కగా దొరుకుతుంది. బలహీనమైన మూన్‌ను నమ్ముకుని నిశ్చింతగా పడుకోవడం, అసలు మూన్ లేకపోవడం కంటే ప్రమాదం.

శుక్రతార: చిన్నదైనా లేనిదానికంటే నయం. నాకున్నది 4,100 కిలోమీటర్లదే. ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు.

గనిమనిషి: పాతరేవు గారు ఇంత తెలిసినవాళ్లు. పెద్ద మూన్ ఎందుకు కావాలో నాకంటే బాగా చెప్పారు. అయినా ఇవ్వనంటున్నారు. మీ మూన్ల మధ్య జంప్ గేట్లున్నాయి. డ్యుటీరియం చుక్క ఖర్చు లేకుండా ఫ్లీట్‌ను క్షణంలో గెలాక్సీ దాటిస్తారు. మీ స్థాయికి 46 లక్షలు ఒక్క పూట ఉత్పత్తి కూడా కాదు. ఇది డబ్బు గొడవ కాదు. మాబోటివాళ్లు మీ కింద పడి ఉండాలనే పంతం.

పాతరేవు: ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను ఎవరినీ కింద పడి ఉండమనలేదు. పాత కూటమిలో ఒక కుర్రాడికి నేనే మూన్‌షాట్లు ఇచ్చాను. నాలుగోసారికి మూన్ వచ్చింది. మూన్ మీద కట్టే లూనార్ బేస్‌కూ, ఫాలాంక్స్‌కూ సరుకు నేనే పంపాను. కొన్ని వారాలకు అతడు అవతలి కూటమికి వెళ్లిపోయాడు. ఆ మూన్ మీద నుంచే నా గ్రహాన్ని స్కాన్ చేసి, కొత్త స్నేహితులకు నా ఫ్లీట్ తిరిగొచ్చే సమయం చెప్పాడు. నా ఫైటర్లతో పుట్టిన మూనే నా ఫ్లీట్‌ను చంపింది. ఆ తర్వాత ఇక ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాను.

శుక్రతార: ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది అన్నా.

గనిమనిషి: మీకు జరిగింది అన్యాయమే, కాదనను. నా వైపు కూడా వినండి. ఇంతకుముందున్న కూటమిలో నాకూ మూన్ ఇచ్చారు. ఇచ్చినప్పుడు ఎవరూ షరతు పెట్టలేదు. తర్వాత ఫాలాంక్స్‌ను 7వ స్థాయికి ఎక్కించమన్నారు, అటూ ఇటూ 48 సౌరమండలాలు కనిపించాలని. అర్ధరాత్రి ఫోను చేసి ఫలానా గ్రహం స్కాన్ చెయ్యమనేవారు. ప్రతి స్కాన్‌కూ పోయే 5,000 డ్యుటీరియం నాది. దెబ్బతిన్నవాళ్లు పగ తీర్చుకున్నదీ నా మీదే, ఎందుకంటే ఆ చుట్టుపక్కల మూన్ ఉన్నది నాకే. వేటాడిన పెద్దలకు లాభం, నాకు దాడులు. చివరికి గెలాక్సీ మారిపోయాను, ఆ మూన్ అక్కడే వదిలేశాను. నాకు మూన్ నిద్ర కోసం కావాలి, కాపలా ఉద్యోగం కోసం కాదు.

వేగుచుక్క: ఇద్దరూ ఒక్క విషయం దగ్గరే తగువులాడుతున్నారని నాకనిపిస్తోంది. ఇవ్వాలా వద్దా అన్నది కాదు, ఇచ్చిన తర్వాత ఆ మూన్ ఎవరి మాట వినాలన్నది. నా ప్రతిపాదనలో ఇది రాయలేదు, రాయాలి. స్కాన్ అడిగినవారే డ్యుటీరియం పంపాలి, కాదనే హక్కు మూన్ యజమానికి ఉండాలి. ఇది మొదటి షరతుగా పెడదామా?

పాతరేవు: అది సబబే. రెండో షరతు కూడా రాయండి. కూటమి వదిలి వెళ్లేవారు, కూటమి ఇచ్చిన మూన్‌ను విడిచిపెట్టి వెళ్లాలి. విడవకపోతే డెత్‌స్టార్లు పంపుతాం.

ఉత్తరధ్రువం: దీనికి నా మద్దతు.

లెక్కలపురుగు: 8,700 కిలోమీటర్ల మూన్‌ను పగలగొట్టడానికి తొమ్మిది డెత్‌స్టార్లు పంపినా అవకాశం 20 శాతం. తొమ్మిదీ పేలే అవకాశం దాదాపు 47 శాతం. ఇది అమలు చేయగలిగిన షరతు కాదు.

గనిమనిషి: అమలు సంగతి తర్వాత. అసలు నేనే ఒప్పుకోను. మనుషులు కూటమి వదలడానికి సవాలక్ష కారణాలుంటాయి. చదువులు, పెళ్లిళ్లు, రాత్రి ఉద్యోగాలు, లేదా నాయకుడితో పడకపోవడం. వెళ్లిన ప్రతివాడూ మీ ఫ్లీట్‌ను పట్టిచ్చినవాడు కాదు. మూన్ మీద కట్టిన లూనార్ బేస్, గేటు అన్నీ వాడి కష్టం. జంప్ గేటుకే 20 లక్షల లోహం, 40 లక్షల క్రిస్టల్, 20 లక్షల డ్యుటీరియం పడుతుంది. మీరిచ్చిన షాట్ కంటే అది ఎక్కువ. ఈ షరతు ఉంటే వరుసలోంచి నా పేరు తీసేయండి. నా ఫైటర్లు నేనే కట్టుకుంటాను. ఎవరైనా వచ్చి దాడి చేస్తే చాలు, శిథిలాలు వాళ్లే తీసుకోవచ్చు.

పాతరేవు: అలా కుదరదు. నీది మా అందరికంటే చిన్న ఖాతా. నువ్వు కట్టిన ఫైటర్ల శిథిలాలు నేను ఏరుకుంటే పుషింగ్ (చిన్న ఖాతా నుంచి పెద్ద ఖాతాకు వనరులు మళ్లించే నిషిద్ధ పని) కిందికి రావచ్చు, ఇద్దరి ఖాతాలూ పోవచ్చు.

గనిమనిషి: అయితే ఏం చేయమంటారు?

పాతరేవు: ఫైటర్లు సిద్ధమయ్యాక నాకు కబురు పెట్టు. ఇంధనం నాది, దాడి నేను చేస్తాను. రీసైక్లర్లు నీవి, శిథిలాలు నువ్వే తీసుకో. అది మనిద్దరి మధ్య సంగతి. కూటమి నిధితో ఇచ్చే మూన్ల విషయంలో మాత్రం రెండో షరతు ఉండాల్సిందే. వేగుచుక్క గారూ, ఓటింగ్‌లో రెండు షరతులనూ విడివిడిగా పెట్టండి.