అల్లాయ్ వీల్స్ మీద నల్లపొడి: యాసిడ్‌తో కడిగించొచ్చా?

కోట_జంక్షన్: మాది విజయనగరం. పనిమీద సాలూరు ఘాట్ మీదుగా కొరాపుట్ తరచూ వెళ్లొస్తుంటాను. ఇంటికొచ్చేసరికి ముందు వీల్స్ రెండూ మసిబొగ్గే, వెనకవి పర్లేదు. మొన్న సర్వీసింగ్ షెడ్డులో కుర్రాడు బాత్రూం యాసిడ్ నీళ్లలో కలిపి బ్రష్షుతో కొడితే తళతళలాడాయి. మా బావ మాత్రం వీల్స్ పాడైపోతాయంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

నాగావళి_గట్టు: మీ బావ మాటే. అది రోడ్డు దుమ్ము అనుకుంటున్నారేమో, బ్రేకు ప్యాడ్లూ పోత ఇనుప డిస్కూ రాసుకుని రాలే పొడి. అందులోని ఇనుప రజను వేడి మీద వెళ్లి వీల్‌కి అతుక్కుంటుంది. తడి తగిలితే తుప్పు పట్టి ఇంకా బిగుస్తుంది. బ్రేకు వేస్తే బరువు ముందుకు పడుతుంది కాబట్టి ముందు వీల్స్‌కే ఎక్కువ. వెనక డ్రమ్ములైతే పొడి చాలావరకు లోపలే ఉండిపోతుంది. యాసిడ్ ఆ పొడితో ఆగదు, పై కోటింగ్ లేచిన చోట అల్యూమినియాన్నీ తినేస్తుంది. శ్రీకాకుళంలో ఒక షెడ్డువాడు నా వీల్స్‌కి చేసిందిదే. నట్ల చుట్టూ తెల్ల మచ్చలు, గోరుతో గీకినా పోవు. అడిగితే "ముందే ఉన్నాయండి" అన్నాడు.

నెల్లిమర్ల_మావయ్య: అవి బోరు నీళ్ల మచ్చలు. ఎండలో కడిగి తుడవకుండా వదిలేస్తే ఎవరి బండికైనా వస్తాయి. యాసిడ్ మీద నెట్టకండి.

నాగావళి_గట్టు: బోరు నీళ్ల మచ్చ అయితే వెనిగర్ గుడ్డతో తుడిస్తే కరగాలి కదా? కరగలేదు. మచ్చ కోటింగ్ కింద ఉంది.

నెల్లిమర్ల_మావయ్య: వెనిగర్ యాసిడ్ కాదేటి? మీరు వాడొచ్చు, షెడ్డువాడు వాడకూడదా?

నాగావళి_గట్టు: మజ్జిగ కూడా పులుపే, దాంతో బాత్రూం కడుగుతారా? బాత్రూం సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం మావయ్యా.

పలాస_జీడిపప్పు: వెనిగర్ గొడవ వదిలేయండి బాబూ, ఆయన వీల్స్ సంగతి చూడండి.

బొబ్బిలి_కుర్రోడు: ఐరన్ రిమూవర్ అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బాగా చల్లారిన వీల్ మీద కొట్టాలి. ఇనుము ఉన్నచోటల్లా ఊదారంగు నీళ్లు కారతాయి. కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, భరించాలి. ఆరిపోకముందే నీళ్లతో కడిగేయాలి. తారు, బురద దాంతో పోవు. బురదకి కారు షాంపూ, మెత్తటి బ్రష్షు చాలు. వీల్స్ తుడిచిన గుడ్డ బాడీకి తగలనివ్వకండి, గీతలు పడతాయి.

కోట_జంక్షన్: ఖరీదెంత?

నెల్లిమర్ల_మావయ్య: అదిగో, ఖరీదు దగ్గరకొచ్చారు! నాదీ షెడ్డే, దాచడమెందుకు. నాలుగొందలు అంటే మూడొందలకి బేరమాడతారు. వీల్ వీల్‌కీ ఆ మందు కొట్టి, ఆగి, బ్రష్షు పట్టి కూర్చుంటే కుర్రాడి కూలి ఎవరిస్తారు? తెల్లగా రావాలి, అరగంటలో అయిపోవాలి. యాసిడ్ మాకేమన్నా సరదానా? మా కుర్రాళ్ల వేళ్ల సందులు చూడండి, తోలు ఊడిపోతోంది.

నాగావళి_గట్టు: మరి ఆ ముక్క ముందే చెప్పాలి కదా! వంద ఎక్కువ అడిగితే ఇచ్చేవాణ్ణి. నన్ను అడక్కుండా యాసిడ్ పోసి, పైగా ముందే ఉన్నాయని దబాయిస్తాడా? నాకు మండింది అందుకే.

నెల్లిమర్ల_మావయ్య: అడిగితే ఏమంటారో తెలుసా? "ఏదో ఒకటి కానీవయ్యా, టైమైపోతోంది" అంటారు. తర్వాత మచ్చ కనిపిస్తే మా మీద పడతారు.

నాగావళి_గట్టు: నేను అనలేదు. నన్ను ఎవడూ అడగలేదు.

పలాస_జీడిపప్పు: తోలు ఊడిపోతోందని తెలిసీ గ్లవ్స్ కొనలేదా మావయ్యా?

బొబ్బిలి_కుర్రోడు: ఇంకోటి. ఈసారి ప్యాడ్లు మార్చేటప్పుడు మీ బండికి సిరామిక్‌వి దొరుకుతాయేమో కనుక్కోండి. పొడి లేత రంగులో ఉంటుంది, అంతగా కనిపించదు. ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించి దిగితే అసలు పొడే తగ్గుతుంది.

కోట_జంక్షన్: సెకండ్ గేర్లోనే దిగుతాను బాబూ, నాకు డ్రైవింగ్ నేర్పకండి. మావయ్యా, ఆ రిమూవర్ సీసా నేనే తెచ్చుకుంటాను, మీ కుర్రాడితో చేయిస్తారా?

నెల్లిమర్ల_మావయ్య: తెండి. పొద్దున్నే రండి, ఎండెక్కితే వీల్ వేడెక్కిపోతుంది. బేరం లేదు, నాలుగొందలూ పైన వంద. గ్లవ్స్ కూడా మీరే తెండి.

పలాస_జీడిపప్పు: గ్లవ్స్ ఆయనెందుకు తేవాలి?