మక్క చేను కావలికి, ఇంట్ల పిల్లలకు తోడుగ ఏ జాతి కుక్క మంచిది? ముధోలా, రాజపాళయమా, లాబ్రడారా?

బాయికాడి రైతు, నర్సంపేట:

అందరికి నమస్తే. మాది నర్సంపేట దిక్కు, పాకాల అడవి అంచుకున్న ఊరు. ఇల్లు బాయి కాడనే. నాలుగెకరాల మక్క, ఎకరంన్నర మిర్చి. కంకి పాలు పోసుకునే టైముకు రాత్రిపూట అడవి పందులు, పొద్దుగాల కోతులు దిగుతయి. ఇంట్ల ఆరేండ్ల బాబు, తొమ్మిదేండ్ల పాప, మా అమ్మ ఉంటరు. ఐదు మేకలు, నాటు కోళ్లు ఉన్నయి. ఇంటి చుట్టు నాలుగడుగుల ప్రహరి ఉంది, చేను చుట్టు కంచె లేదు.

ఒక్క కుక్కనే రెండు పనులకు అక్కరకు రావాలె. పిల్లలతోని మంచిగుండాలె, చేన్లకొచ్చిన జంతువును తరమాలె. ముధోల్ హౌండ్ వేట కుక్క, దాన్ని మించి ఉరికేది లేదు అంటున్నరు. ఇంకొందరు రాజపాళయం అంటున్నరు. పిల్లలకేమో లాబ్రడార్ కావాలె. మన ఎండలకు ఏది తట్టుకుంటది? తిండి, టీకాలు, ట్రైనింగు సంగతి గూడ తెలిసినోళ్లు జెర చెప్పండ్రి.

హన్మకొండ డాగ్ లవర్:

అన్నా, జాతి ఎంచుకునే ముందు ఆ జాతి ఏ పనికి తయారైందో చూడాలి. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై, కన్ని ఇవన్నీ ప్రధానంగా కంటితో వేటాడే కుక్కలు. బయలు నేలలో దూరంగా కదిలే కుందేలును చూసి, దాని వెంట పడటం వీటి పని. కర్ణాటక బాగల్‌కోట్ జిల్లాలోని ముధోల్ ప్రాంతం, తమిళనాడు విరుదునగర్ చుట్టుపక్కల మెట్ట నేలలు అలాంటివే. మీ మక్క చేను కంకి వేసేసరికి మనిషి ఎత్తు దాటుతుంది. అందులో, అదీ రాత్రి పూట, ఈ కుక్కకు ఏమీ కనబడదు. ఎంత వేగంగా ఉరికే కుక్కైనా అక్కడ ఆ వేగం పనికిరాదు. మీకు కావాల్సింది వాసన, చప్పుడు పసిగట్టి గట్టిగా మొరిగే కుక్క, మొరిగి ఇంటి దగ్గరే ఉండే కుక్క. ముధోల్ సహజంగా తక్కువ మొరుగుతుంది. ఏదైనా కదిలితే వెంటపడి వెళ్తుంది, ఒకసారి వెంటపడ్డాక పిలిచినా వినదు.

ఇంకో ముఖ్యమైన మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 ప్రకారం వేట నిషేధం. చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం, పట్టడం, ఉచ్చు వేయడం, వాటికి ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. కుందేలు మీదికో పంది మీదికో కావాలని కుక్కను వదిలితే కేసవుతుంది. పాకాల అభయారణ్యం అంచున ఉన్నారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ చేనులో ఉండి మొరిగి హెచ్చరించే కుక్కతో ఈ ఇబ్బంది లేదు.

రాజపాళయం గురించి. తెల్లటి ఒళ్లు, గులాబీ ముక్కు చూడటానికి బాగుంటాయి కానీ ఆ రంగుతో పాటు చెవుడు కూడా రావచ్చు. కొన్ని పిల్లలకు ఒక చెవి, కొన్నింటికి రెండూ వినబడవు. ముక్కు, చెవుల అంచులు ఎండకు కాలి పుండ్లు పడతాయి. ఒక్క మనిషికే అతుక్కుపోయే స్వభావం, కొత్తవాళ్లంటే అనుమానం. మిర్చి ఏరడానికి రోజూ కూలీలు వచ్చే చోట ఈ కుక్కతో ఎప్పుడూ భయమే. తమిళనాడు థేని జిల్లా కొంబై జాతి కావలికి గట్టిది, కానీ మన దగ్గర అసలైన కొంబై పిల్ల దొరకడం కష్టం, ఆ పేరుతో ఎర్రగా ఉన్న ప్రతి పిల్లనూ అమ్ముతారు.

లాబ్రడార్ పిల్లలకు మంచి తోడే. ముక్కు కూడా బాగా పనిచేస్తుంది. కానీ దొంగ వచ్చినా తోక ఊపే రకం. పైగా రెండు పొరల వెంట్రుకలు. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు దాటే ఎండలో మధ్యాహ్నం బయట ఉండలేదు. బరువు పెరిగితే తుంటి కీళ్లు పాడవుతాయి. ఇంట్లో, ఫ్యాన్ కింద పెంచగలిగితే తీసుకోండి. బాయి కాడికి మాత్రం నా ఓటు దానికి కాదు.

మంగపేట గోదారి గట్టు:

డాగ్ లవర్ అన్న చెప్పింది నిజం. నేనైతే సూటిగ చెప్త, ఊరకుక్క పిల్లలు రెండు తెచ్చుకోండ్రి. ఒకటి కాదు, రెండు. ఒక్క కుక్క మీదికి పంది తిరగబడితే కోరతోని పొట్ట చీరుతది, పిల్లలున్న ఆడపంది అయితే ఇంక చెప్పుడే లేదు. రెండుంటే ఒకదాని చూసి ఇంకొకటి మొరుగుతది, ధైర్యంగ ఉంటయి. కానీ రెండింటినీ ఒక్కపారే తేవద్దు. ఒక్క ఈతల పిల్లలను కలిపి పెంచితే అవి ఒకదానికొకటి మరుగుతయి గని మనిషి మాట వినవు. మొదటిదానికి ఏడాది నిండినంక, అది మాట విన్నంక, రెండోది తేవాలె. పెద్దదాన్ని చూసి చిన్నది సగం పని అదే నేర్చుకుంటది.

మేకలు, కోళ్లు ఉన్నయన్నరు గద. పిల్లను రెండు నెలలకే తెచ్చి, మేకల కొట్టం పక్కనే పండబెట్టాలె. మూడున్నర నెలలు నిండే లోపల చూసిందాన్ని ఇంటిదనుకుంటది, ఆ తర్వాత చూసిందాన్ని పరాయిదనుకుంటది. రోజు పొద్దుమాపు పది నిముషాలు తాడు పట్టుకోని కోళ్ల నడుమ తిప్పాలె. కోడి వెంట పడబోతే తాడు ఆపి, పేరు పెట్టి పిల్వాలె, మన దిక్కు తిరిగిన వెంటనే చిన్న గుడ్డు ముక్క పెట్టాలె. కొట్టొద్దు. కొడితే మన ముందర ఊకుంటది, మనం లేనప్పుడు పట్టుకుంటది.

పంది ఏ దిక్కు నుంచి వస్తదో అడుగులు చూస్తే తెలుస్తది, మాటిమాటికి ఒకటే దారిన వస్తది. ఆ దిక్కు మంచె ఉంటే మంచె కింద కుక్క ఉండాలె. గొలుసుతోని ఒక్క గుంజకు కట్టేస్తే లాభం లేదు, గొలుసు ఎంత దూరం వస్తదో పంది నాలుగు రోజులల్ల తెలుసుకుంటది. రెండు గుంజలు పాతి, ఏడడుగుల ఎత్తుల 20 మీటర్ల జీఐ తీగ గట్టిగ లాగి కట్టండ్రి. తీగకు రింగు, రింగుకు గొలుసు. కుక్క కింద పండుకునేటంత పొడుగుండాలె గొలుసు. గుంజకు రెండు మీటర్ల ఇవతలనే తీగకు ముడి వేసి రింగు ఆపాలె, లేకుంటే గొలుసు గుంజకు చుట్టుకుంటది. దగ్గర్ల గోడ, మొద్దు ఏదీ ఉండొద్దు, దుంకితే ఉరి పడుతది. చిరుత జాడ ఉన్న తావుల మాత్రం రాత్రి బయట కట్టనే కట్టొద్దు, కట్టేసిన కుక్క దానికి చేతికందిన తిండి.

రాత్రి విడిచిపెట్టుడు అసలే వద్దు. పందులకని చేన్ల చుట్టు దొంగతనంగ కరెంటు తీగలు పెడుతున్నరు. కుక్కలే కాదు, మనుషులు గూడ పోతున్నరు. ఉచ్చులు వేరే ఉంటయి. మీరు పెట్టకున్నా పక్క చేనోళ్లు పెట్టరన్న నమ్మకం లేదు.

కోతుల సంగతి వేరు. చెట్లు లేని చేన్ల కుక్కను చూసి కోతులు దిగయి. చేను గట్టు మీద వేపలు, తుమ్మలు ఉంటే మాత్రం చెట్టెక్కి కూసుంటయి, కుక్క కింద మొరుగుకుంట అలిసిపోతది. ఏడాది నిండని పిల్లను గుంపు మీదికి తోలొద్దు. పెద్ద మగకోతి కరిస్తే పిల్ల జన్మల మళ్ల వాటి దిక్కు పోదు.

హన్మకొండ పశువైద్యం:

జాతి ఏదైనా, మొదటి ఆరు నెలలు సరిగా చూడకపోతే మిగతాదంతా వృథా. పిల్లను ఎనిమిది వారాలు నిండాకే తల్లి దగ్గర నుంచి తీసుకోండి. కుక్కపిల్లలను చంపే డిస్టెంపర్, పార్వో జబ్బులకు కలిపి వేసే టీకా 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 3 లేదా 4 వారాలకొకసారి, 16 వారాల వయసు దాటే వరకు వేయించాలి. చాలామంది రెండు డోసులతో ఆపేస్తారు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, అందుకే చివరి డోసు 16 వారాల దగ్గర పడటం ముఖ్యం. రేబిస్ టీకా 12 వారాలకు, తర్వాత బూస్టర్, ఆపై ఏటా. పిల్లలున్న ఇల్లు, కోతులు తిరిగే చేను కాబట్టి ఇందులో ఆలస్యం వద్దు. కుక్క గాని కోతి గాని కరిస్తే ముందు సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అడవి పక్కన ఉన్నవాళ్లు టీకాలు వేయించడానికి మరో కారణం ఉంది. డిస్టెంపర్, రేబిస్ ఇంటి కుక్కల నుంచి రేసుకుక్కలు, నక్కల వంటి అడవి జంతువులకు పాకుతాయి.

నట్టల మందు మూడు నెలల వయసు వరకు 15 రోజులకొకసారి, ఆరు నెలల వరకు నెలకొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి. మోతాదు బరువును బట్టి, కాబట్టి ప్రతిసారీ తూకం వేయండి.

మన దగ్గర చాలా కుక్కలను బలి తీసుకునేది పిడుదుల జ్వరం. మేకల కొట్టం పక్కన పడుకునే కుక్కకు పిడుదులు తప్పవు. వేళ్ల మధ్య, చెవుల లోపల, మెడ కింద రోజూ చేత్తో తడిమి చూడండి. ఒంటి మీద మందు కొట్టి కొట్టాన్ని వదిలేస్తే లాభం లేదు, గోడ పగుళ్లలోనే అవి గుడ్లు పెడతాయి, అక్కడ కూడా మందు కొట్టాలి. కుక్క తిండి మానేసి, చిగుళ్లు తెల్లబడి, ముక్కు నుంచి రక్తం వస్తే, లేదా జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మర్నాటి దాకా ఆగొద్దు. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఉంటుంది కాబట్టి మనుషుల లెక్కతో పోల్చకండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, రక్త పరీక్ష చేయించడం గురించి అక్కడ అడగొచ్చు.

చేనులో మరో ప్రమాదం గుళికల మందు, పురుగు మందు కలిపిన ఎరలు. కుక్క నోట్లోంచి చొంగ కారుతూ, కండరాలు అదురుతూ, కంటి పాప సూదిమొనంత చిన్నదైతే విషమని అనుమానించాలి. అట్రోపిన్ ఇంజెక్షన్ దీనికి విరుగుడు, త్వరగా పడితేనే పనిచేస్తుంది. వాంతి చేయించాలని ఉప్పునీళ్లు, నూనె పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అదే చంపుతుంది. తిన్న మందు డబ్బా దొరికితే వెంట తీసుకెళ్లండి.

ఒకవేళ ముధోల్ గాని రాజపాళయం గాని తీసుకుంటే, ఆపరేషన్ చేసే డాక్టరుకు అది హౌండ్ అని ముందే చెప్పండి. ఒంట్లో కొవ్వు చాలా తక్కువ ఉండటం వల్ల థయోపెంటాల్ లాంటి మత్తు మందుల నుంచి ఇవి ఆలస్యంగా తేరుకుంటాయి.

బాయికాడి రైతు, నర్సంపేట:

అందరికి చాల థాంక్స్. మక్కల కనబడదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఊరకుక్క పిల్లనే తీసుకుంట. కని మా తమ్ముడు ముధోల్ తెస్తనని పట్టుబట్టిండు, వాళ్లది పత్తి, పల్లి, చుట్టు బయలు. వాడు ఏం చూసుకోవాలె? తిండి ఎంత పెట్టాలె?

హన్మకొండ డాగ్ లవర్:

పల్లి చేను, బయలు అయితే పర్వాలేదు, ఉరకడానికి చోటుంటుంది. ముందు గోడ. ముధోల్ మగది భుజం దగ్గర 68 నుంచి 72 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది, నాలుగడుగుల గోడను నిలబడి దూకేస్తుంది. కనీసం ఆరడుగులు కావాలి. మామూలు బెల్టు వేయొద్దు. దాని తల మెడ కంటే సన్నం, వెనక్కి గుంజుకుంటే బెల్టు జారిపోతుంది. లాగితే బిగిసే మార్టింగేల్ కాలర్ రెండు వేళ్లు పట్టేంత వదులుగా వేయాలి.

పిల్లను కొనేటప్పుడు తల్లిని చూడకుండా డబ్బులివ్వొద్దు. మనిషిని చూసి తల్లి మూలకు దాక్కుంటే, లేదా పళ్లు చూపిస్తే, ఆ పిల్లలు ఇంట్లో చిన్నపిల్లల మధ్యకు వద్దు. పిల్ల వెనక నిలబడి తాళాల గుత్తి కింద పడేయండి, తిరిగి చూడాలి. బొడ్డు దగ్గర ఉబ్బు, పొట్ట ఉబ్బరం ఉన్నాయా చూడండి. రంగు చూసి ఎక్కువ ధర పెట్టొద్దు. బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కుక్కల పరిశోధన కేంద్రం ఉంది, పిల్లల కోసం ముందుగా అక్కడ వాకబు చేయడం మంచిది. గ్రేహౌండ్‌తో కలిపిన పిల్లలను ముధోల్ పేరుతో అమ్మేవాళ్లున్నారు.

ఏడాది నిండే వరకు బండి వెనక ఉరికించొద్దు, ఎముకల చివర్లు అప్పటికి గట్టిపడవు. తర్వాత కూడా ఎండాకాలంలో పొద్దున ఏడు లోపు, సాయంత్రం పొద్దు గుంకాక మాత్రమే. తారు రోడ్డు మీద అరచేయి పెట్టి చూడండి, మనకు కాలితే దానికీ కాలుతుంది.

తిండికి: 24 కిలోల పెద్ద కుక్కకు, రోజూ ఉరికేదైతే, ఎముక లేని కోడి మాంసం 300 గ్రాములు, రెండు ఉడికించిన గుడ్లు, 175 గ్రాముల బియ్యమో జొన్నలో వండి, రెండు పూటలుగా పెట్టాలి. వట్టి అన్నం, మాంసంలో కాల్షియం చాలదు, మెత్తగా నూరిన గుడ్డు పెంకు పొడి ఒక టీస్పూను కలపాలి. ఇది పెద్ద కుక్క లెక్క, పిల్లలకు పిల్లల ఫీడే పెట్టండి. ఉడికిన కోడి ఎముకలు పెట్టొద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లిగడ్డ ఉన్న కూర కలపొద్దు. తిన్న గంట వరకు ఉరికించొద్దు, లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు కడుపు మెలిపడి గంటల్లో ప్రాణం పోతుంది. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనబడుతుంటే ముధోల్ సరైన ఒంట్లో ఉన్నట్టే, బక్కగా ఉందని ఎక్కువ పెట్టొద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. చలికాలం మాత్రం దాని పలచటి వెంట్రుకలు చాలవు. నేల మీద గోనె సంచులు మందంగా పరిచి, గాలి తగలని చోట పడుకోబెట్టాలి.

మంగపేట గోదారి గట్టు:

రైతన్నా, ఆడకుక్క పిల్లను తెచ్చుకుంటే ఊరు విడిచి తిరగదు, ఇంటిపట్టునే ఉంటది. కని ఆరేడు నెలలకొకపారి ఎదకొస్తది, మూడు వారాలు ఊర్ల మగకుక్కలన్ని మీ వాకిట్లనే ఉంటయి. అందుకని ఆపరేషన్ సంగతి డాక్టరును ముందుగాలనే అడిగి పెట్టుకోండ్రి.