ఎలుకల మీద మందుల పరీక్ష న్యాయమేనా? మా అమ్మాయి చెయ్యనంటోంది

హన్మకొండ నాన్న:
మా అమ్మాయి ఇక్కడే ఒక కాలేజీలో ఎం.ఫార్మసీ చదువుతోంది, ఫార్మకాలజీ బ్రాంచి. ప్రాజెక్టుకు గైడ్ ఇచ్చిన టాపిక్, ఒక అడవి ఆకు పసరు షుగర్‌ను తగ్గిస్తుందా లేదా అని. ముందు ఎలుకలకు ఇంజెక్షన్ ఇచ్చి షుగర్ తెప్పించాలట. పసరు తాగించాలట. తోక నుంచి రక్తం తీసి రీడింగులు రాసుకొని, చివర్లో చంపి పాంక్రియాస్ కోసి చూడాలట. "నేను చెయ్యను" అని ఇంటికొచ్చి కూర్చుంది. వాళ్లమ్మేమో "వంటింట్లో బోను పెట్టేది నువ్వే గదనే, అప్పుడు లేని జాలి ఇప్పుడెందుకు" అంటోంది. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోస్తోంది. ఫీజు కట్టేశాం కాబట్టి కోర్సు మార్చమని మాత్రం చెప్పకండి. ఈ పరీక్షలు న్యాయమా, కాదా?

జీవదయ కరీంనగర్:
న్యాయం కాదు సార్, మీ అమ్మాయిది నూటికి నూరుపాళ్లు కరెక్టు. వంటింటి ఎలుక మన బియ్యం తింటుంది, దానితో మనకు తగాదా ఉంది. ల్యాబులో ఎలుకను జబ్బు చెయ్యడానికే పుట్టిస్తున్నాం. మనకు పనికొస్తుంది కాబట్టి చెయ్యొచ్చు అనేదే న్యాయమైతే, నోరులేని వాళ్ల మీద ఏదైనా చెయ్యొచ్చు. పోనీ ఫలితమైనా నమ్మదగ్గదా అంటే అదీ లేదు. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే మందును ఆరుగురు వాలంటీర్లకు ఎక్కించారు. కోతులకు ఏమీ కాని డోసులో ఐదు వందలో వంతే ఇచ్చారు. అయినా ఆరుగురూ ఐసీయూలో పడ్డారు. కడుపుతో ఉన్నవాళ్లు వికారానికి వేసుకున్న థాలిడోమైడ్ మాత్ర సంగతి అందరికీ తెలిసిందే, వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. మన దేశంలో సబ్బులూ క్రీములూ జంతువుల మీద పరీక్షించడం 2014లో నిషేధించారు. ఏ కంపెనీ మూతపడింది?

పరకాల పత్తిచేను:
అక్కా, క్రీముల సంగతి నాకు తెల్వదు, పురుగుమందు సంగతి చెప్త. డబ్బా మీద మూల మీద నిలబెట్టినట్టు చదరపు గుర్తు ఉంటది గదా. బాగ విషమైతే పైసగంలో పుర్రె బొమ్మ, విషం అని రాత, కింది సగంలో ఎరుపు. కింది సగం ఎర్రగుండాల్నా, పసుపా, నీలమా, ఆకుపచ్చా అనేది ఎట్ల తేలుస్తరో మా అగ్రికల్చర్ ఆఫీసర్ చెప్పిండు. కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు తాగిస్తే సగం ఎలుకలు చస్తయో, అదీ లెక్క. 50 లోపయితే ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. చదువురాని మా నాయన కూడ ఎర్రది చూస్తే మూతికి తువాల కట్టుకుంటడు. ఆ రంగు లేకపోతే ఏది ఎంత విషమో మేము తాగి చూసుకోవాల్నా?

జీవదయ కరీంనగర్:
తమ్మీ, నీ మాట కాదనను. కానీ సగం చచ్చేదాకా లెక్కపెట్టే ఆ పాత పరీక్షను, చాలా దేశాలకు పరీక్షా పద్ధతులు రాసిచ్చే ఓఈసీడీ అనే సంస్థ 2002లోనే తన పద్ధతుల్లోంచి తీసేసింది. చాలా తక్కువ ఎలుకలతో అదే సంగతి తేల్చే పద్ధతులు వచ్చాయి. ఎర్ర గుర్తు ఉండాల్సిందే, దానికి అన్ని ప్రాణాలు అక్కర్లేదు అంటున్నాను.

నైట్ డ్యూటీ డాక్టర్:
మేడం, థాలిడోమైడ్‌ను మీ వైపు సాక్ష్యంగా తేవడం కుదరదు. 1957లో జర్మనీలో అమ్మకానికి పెట్టేముందు కడుపుతో ఉన్న జంతువుల మీద దాన్ని సరిగా పరీక్షించనేలేదు. తర్వాత చేస్తే ఎలుకల్లో పెద్దగా కనపడలేదు కానీ కుందేళ్లలో, కోతుల్లో బయటపడింది. పరీక్ష చెయ్యకపోవడం వల్ల జరిగిన ఘోరం అది. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ సిరప్ తాగి వందమందికి పైగా చనిపోయారు. అందులో కలిపిన డైఇథిలీన్ గ్లైకాల్‌ను ఒక్క జంతువుకైనా తాగించి చూసిన పాపాన పోలేదు.

ఇక ఇక్కడి సంగతి. వానలు పడి నాట్లు మొదలయ్యాయంటే మాకు పాముకాటు కేసులు మొదలైనట్టే. రక్తపింజర కరిచినవాడు వస్తే ముందు గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు పక్కన పెడతాం. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టకుండా నీళ్లలా జారుతుంది. వెంటనే యాంటీవెనమ్ మొదలుపెడతాం, మొదటి విడతకే 8 నుంచి 10 వయల్స్. ఆ మందు గుర్రాలకు విషం కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలోంచి తీసింది. ఒక్క మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరవాలి. నాగుపాముకూ అంతే, కట్లపాముకూ చిన్నపింజరకూ 0.45. విరుస్తోందో లేదో తేల్చేది ఈనాటికీ చిట్టెలుకల మీదే. విషమూ మందూ కలిపి ఎక్కిస్తారు, కొన్ని బతుకుతాయి, కొన్ని చస్తాయి. మన దేశంలో ఏటా దాదాపు 58,000 మంది పాముకాటుతో పోతున్నారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. పరీక్షించని వయల్‌ను నేనైతే ఎవరి నరంలోకీ ఎక్కించను.

నిర్మల్ మామిడితోట:
టెస్టులకు కోతులు కావాలంటే మా దగ్గరికి రండి సారూ. ఇంటి మీద ఒక్క పెంకు లేదు, చెట్టు మీద ఒక్క కాయ లేదు. ఫ్రీగా ఇస్తాం, ట్రాన్స్‌పోర్టు కూడా మేమే చూసుకుంటాం.

నైట్ డ్యూటీ డాక్టర్:
నవ్వొచ్చింది గానీ, కోవాగ్జిన్‌ను 2020లో 20 రీసస్ కోతుల మీద పరీక్షించారు, తెలుసా? కుక్కలూ కోతులూ అయితే కాలేజీ కమిటీ ఒక్కటే సరిపోదు, కేంద్ర కమిటీ అనుమతి కావాలి. పట్టుకెళ్లి ఇచ్చేస్తే తీసుకోరు.

ఫార్మకాలజీ సార్:
అందరూ యాంటీవెనమ్, వ్యాక్సిన్ అంటున్నారు. పెద్దాయన అడిగింది వాళ్లమ్మాయి ప్రాజెక్టు గురించి. చాలా ఏళ్లుగా ఇలాంటి ప్రాజెక్టులకు గైడ్‌గా ఉంటున్నవాడిని కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

ఆకు ఏదైనా పద్ధతి ఒక్కటే. ఐదు గ్రూపులు, గ్రూపుకు ఆరు ఎలుకలు. మామూలువి, షుగర్ తెప్పించి వదిలేసినవి, గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్ర ఇచ్చినవి, పసరు తక్కువ డోసు, పసరు ఎక్కువ డోసు. షుగర్ తెప్పించడానికి అల్లోక్సాన్ లేదా స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం. ఆ ఇంజెక్షన్ పడ్డాక ఎలుక నీళ్ల సీసా వదలదు, పంజరంలో పొట్టు ఎప్పుడు చూసినా తడిగానే ఉంటుంది. కొన్ని మొదటి రెండు రోజుల్లోనే పోతాయి, వాటి బదులు కొత్తవి తెస్తారు. చివరికి పసరు షుగర్‌ను తగ్గిస్తుంది. తగ్గించని ఆకును నేను ఏ థీసిస్‌లోనూ చూడలేదు! ఆ తర్వాత థీసిస్ బీరువాలోకి, ఎలుకలు ల్యాబు చెత్త వేసే పసుపు సంచిలోకి పోతాయి. మరుసటి ఏడాది ఇంకో ఆకు. వాటిలో ఒక్కటైనా మాత్రగా మారి ఎంజీఎం ఆసుపత్రి ముందున్న మెడికల్ షాపుదాకా వచ్చిందా?

యాంటీవెనమ్ ఎలుకకూ ఈ ఎలుకకూ తేడా ఇక్కడే ఉంది. ఆ ఎలుక చస్తే ఒక బ్యాచి మందు పనిచేస్తుందని తేలుతుంది. ఈ ఎలుక చస్తే ఒక డిగ్రీ వస్తుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 17వ సెక్షన్ చదవండి. పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో నేర్పగలిగినచోట ప్రయోగాలు మానాలనీ, కేవలం చెయ్యి తిరగడం కోసం చెయ్యకూడదనీ అందులోనే ఉంది. కమిటీలు లేవా అంటే ఉన్నాయి. 1998 నియమాల ప్రకారం బయటి శాస్త్రవేత్త, సైన్సుతో సంబంధం లేని ఒక సామాజిక సభ్యుడు, కేంద్రం పంపే నామినీ, అందరూ కూర్చోవాలి. కూర్చుంటారు కూడా. అనుమతి కోసం నింపే ఫారం-బి లో "ఇన్ని జంతువులు ఎందుకు" అనే గడి ఉంటుంది. అందులో పిల్లలు సీనియర్ల ఫారం చూసి ఎక్కించిందే ఎక్కిస్తారు. టీ తాగేలోపు అప్రూవల్.

పరకాల పత్తిచేను:
సార్, ఆకులన్నీ దండుగేనా? షుగర్ గోళీ మెట్‌ఫార్మిన్ మూలం కూడ ఒక మొక్కేనని విన్న.

ఫార్మకాలజీ సార్:
నిజమే, గలేగా అనే మొక్క. కానీ అక్కడ మొక్కలో ఏ పదార్థం పనిచేస్తోందో విడదీశారు, పోలిన పదార్థాలు తయారుచేశారు, పట్టుకొని చివరిదాకా వెళ్లారు. మన దగ్గర పసరుతో మొదలై పసరుతోనే ఆగిపోతుంది.

హన్మకొండ నాన్న:
సార్, మీ పోస్టు పాపకు చదివి వినిపించాను. "నేను చెప్పిందీ ఇదే కదా నాన్నా" అంటోంది, నిజానికి ఇంత వివరంగా ఏమీ చెప్పలేదు. సరే, ఎలుకలు లేకుండా ప్రాజెక్టు దొరుకుతుందా? గైడ్‌కు కోపం వస్తే ఇంటర్నల్ మార్కుల టెన్షన్ ఒకటి.

ఫార్మకాలజీ సార్:
దొరుకుతుంది. కొత్త మందుల నియమాలను కేంద్రం 2023లో సవరించింది. చిప్ మీద పెంచిన అవయవ కణాలు, కంప్యూటర్ నమూనాల లాంటివి కూడా జంతు పరీక్షల బదులు ఒప్పుకుంటామంది. ఆ నోటిఫికేషన్ ప్రింటు తీసి గైడ్‌కు మర్యాదగా చూపించమనండి. ఎలుకలు కొనే ఖర్చు, ఫారం-బి తిప్పలు తప్పుతాయంటే ఆయనే ఒప్పుకోవచ్చు. డాకింగ్ అంటే మందు అణువు ఒంట్లోని ప్రొటీన్‌కు ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్లో చూడటం, దానికి ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ కొన్ని ఉచితమే. సెల్ కల్చర్, అంటే కణాలను గిన్నెలో పెంచడం అయితే మన ఊళ్లో అన్ని కాలేజీల్లో ఉండదు, హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు. ఇంకో మాట ముందే చెప్పండి. ఆ కణాలు పెరగడానికి చాలాచోట్ల పోసే సీరం, కోతకెళ్లిన చూలు ఆవు కడుపులోని దూడ రక్తంలోంచి తీసింది.

జీవదయ కరీంనగర్:
సీరం లేని మీడియా, అంటే కణాలు పెరిగే ద్రవం కూడా దొరుకుతుంది సార్.

ఫార్మకాలజీ సార్:
దొరుకుతుంది మేడం, రేటు చూశారా? అందుకే డాకింగ్‌తో మొదలుపెట్టమంటున్నాను.