చవక ఈఈజీ పట్టీల్లో కనపడేది మెదడు సిగ్నలేనా?

పాలకొల్లు_ఫైనలియర్:
అందరికీ నమస్కారం అండి. ప్రాజెక్టు కోసం నలుగురం తలా మూడు వేలు వేసుకుని తలకి పెట్టుకునే ఈఈజీ పట్టీ (మెదడు కరెంటు సిగ్నల్‌ని చర్మం మీంచి తీసేది) కొన్నాం. నుదుటి మీద రెండు, చెవుల వెనక రెండు ఎలక్ట్రోడ్లు. జెల్ అక్కర్లేదు, బ్లూటూత్‌లో ల్యాప్‌టాప్‌కి వస్తుంది. కళ్ళు మూసుకుంటే 8 నుంచి 13 హెర్ట్జ్ మధ్య ఉండే ఆల్ఫా అనే మెదడు అల పెరగాలని చదివాం. నాకు సోమవారం బ్రహ్మాండంగా కనిపించింది, మంగళవారం ఏమీ లేదు, 50 హెర్ట్జ్ దగ్గర తాటిచెట్టులా ఒక గీత తప్ప. మా ఫ్రెండుకైతే అసలే రాలేదు. వస్తువు పోయిందా, తప్పు మాదేనా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

కొబ్బరితోట:
ఫ్రెండుకి మెదడుందో లేదో ముందు చూడండి.

సోల్డర్_భీమవరం:
తమ్ముడూ, వస్తువు పోలేదు. చవక అనగానే బొమ్మ అనుకునే రోజులు పోయాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళది ఏడీఎస్1299 అని చిప్ ఉంది, ఈఈజీ కోసమే చేసింది, 24 బిట్ల సూక్ష్మతతో కొలుస్తుంది, 8 చానెళ్ళు, దాని సొంత నాయిస్ 1 మైక్రోవోల్టు చుట్టుపక్కల. ఈఈజీ సొంతంగా చేసుకునేవాళ్ళు కొనే ఓపెన్‌బీసీఐ సైటన్ బోర్డులో ఉన్నది అదే. నెత్తి మీదికొచ్చే మెదడు సిగ్నల్ పదుల మైక్రోవోల్టులు, మరి చిప్‌కి కనపడక ఎక్కడికి పోతుంది? హాన్స్ బెర్గర్ 1924లో గాల్వనోమీటర్ పెట్టి మనిషి ఈఈజీ తీశాడు, 1929లో పేపరు వేశాడు. ఆయన సామానుతో పోలిస్తే నీ పట్టీ పుష్పక విమానం.

కాకినాడ_ఈఈజీ:
బెర్గర్ మొదట్లో నెత్తి చర్మం కింద వెండి తీగలు గుచ్చి తీశాడండి, ఆ ముక్క వదిలేశారు. నేను పదిహేడేళ్ళుగా ఆసుపత్రిలో ఈఈజీ తీస్తున్నాను. చిప్పుల సంగతి నాకు అంతగా తెలియదు, నెత్తి సంగతి తెలుసు. ముక్కు దూలం నుంచి తల వెనక బొడిపె దాకా టేపుతో కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఒక్కో చోట పాయ విడదీసి దూదితో జెల్ రుద్ది, పేస్టుతో 21 ఎలక్ట్రోడ్లు అంటించేసరికి నడుం పడిపోతుంది. ఒక్కోదాని దగ్గర చర్మం అడ్డు (ఇంపిడెన్స్) 5 కిలో ఓమ్‌ల లోపుకి వచ్చేదాకా రికార్డింగ్ మొదలుపెట్టను. తలంటుకుని రమ్మని చీటీ మీద రాసిచ్చినా మన వైపు వాళ్ళు కొబ్బరి నూనె కారేలా పట్టించుకుని వస్తారు, పేస్టు జారిపోతుంది. పేస్టుకే దిక్కులేనిచోట పొడి ఎలక్ట్రోడు ఏం చేస్తుంది? బాబూ, మంగళవారం తలకి నూనె రాశావా?

పాలకొల్లు_ఫైనలియర్:
అమ్మ రాసింది అక్కా. సోమవారం తలంటుకున్నాను. ఎలా కనిపెట్టారు??

వీరవాసరం99:
కొబ్బరి నూనె మెదడుకి చలవ, సిగ్నల్‌కి చేటు. ఆయ్.

సోల్డర్_భీమవరం:
నూనె గోల వదలండి. 5 కిలో ఓమ్‌లనేది పాత యాంప్లిఫయర్ల నాటి లెక్క. ఇప్పటి వాటి ఇన్‌పుట్ ఇంపిడెన్స్ గిగా ఓమ్ దాకా ఉంటుంది, చర్మం దగ్గర వంద కిలో ఓమ్‌లున్నా సిగ్నల్ తగ్గేది పిసరంత. భాగహారం వచ్చినవాళ్ళెవరైనా చూసుకోవచ్చు.

కాకినాడ_ఈఈజీ:
సిగ్నల్ తగ్గుతుందని నేనన్నానా? ఒక ఎలక్ట్రోడు 20 కిలో ఓమ్‌లు, దాని జత 300 ఉంటే ఇంటి కరెంటు నుంచి ఒంట్లోకి దూరిన 50 హెర్ట్జ్ హమ్ రెండింటికీ సమానంగా చేరదు. సమానంగా రాకపోతే యాంప్లిఫయర్ దాన్ని తీసివేయలేదు. అబ్బాయి చూసిన తాటిచెట్టు అదే. మీ చిప్ పెడితే ఆ హమ్‌నే 24 బిట్ల నాణ్యతతో చూపిస్తుంది.

సోల్డర్_భీమవరం:
నాచ్ ఫిల్టర్ అనేది ఒకటుంది మేడం గారూ. 50ని కోసేస్తే 10 దగ్గరున్న ఆల్ఫాకి ఏమవుతుంది? 24 బిట్ల మీద వెటకారం చేశారు కానీ జవాబు చెప్పలేదు.

కాకినాడ_ఈఈజీ:
50ని కోస్తారు. పళ్ళు బిగిస్తే వచ్చే కండరాల సిగ్నల్ 20 హెర్ట్జ్ నుంచి పైకి చాపలా పరుచుకుంటుంది, దాన్ని దేనితో కోస్తారు? రెప్ప కొడితే నుదుటి మీద వందల మైక్రోవోల్టులు. ఆ నుదుటి దగ్గర తీసి ‘ఏకాగ్రత’ అని అంకె చూపిస్తే అందులో కనుబొమ్మల ముడి ఎంత, మెదడెంత? ఆల్ఫా గట్టిగా ఉండేది తల వెనక భాగంలో. అక్కడ జుట్టుంటుంది, అక్కడ ఈ పట్టీకి ఎలక్ట్రోడే లేదు. చెవుల వెనక వచ్చేది పక్కింటి పాట వినడమే.

సోల్డర్_భీమవరం:
పక్కింటి పాటైనా పాటే కదా. 24 బిట్లకి జవాబు రాలేదు.

తణుకు_నాన్న:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి చదివే చోట ఇలాంటి పట్టీ పెట్టి ‘కాన్సంట్రేషన్ 41’ అని కాగితం ఇచ్చారు, పేరెంట్స్ మీటింగ్‌లో అందరి ముందూ చదివారు. ఆ రోజు దానికి జలుబు, ముక్కు ఎగబీలుస్తూనే ఉందట. ఇప్పుడు పుస్తకం తీస్తే నాది 41 బ్రెయిన్ నాన్నా అంటుంది. అంతకుముందు క్లాసులో మూడో ర్యాంకు.

సోల్డర్_భీమవరం:
ఆ పట్టీ శాంప్లింగ్ రేటు ఎంతండి? 128 అయితే ఒక మాట, 256 అయితే ఇంకో మాట.

తణుకు_నాన్న:
నాకేం తెలుసండి. పిల్ల ఏడుస్తోందని చెబుతుంటే రేటు అడుగుతారేంటి.

కొబ్బరితోట:
సోల్డర్ గారూ, ఈ ఒక్కసారికి చిప్ పక్కన పెట్టండి బాబూ.

కాకినాడ_ఈఈజీ:
నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే. సర్క్యూట్లు చేసుకునేవాళ్ళకి ఇది ఆట, బయట మనుషులకి తీర్పు. మూర్ఛ మాత్రలు వాడుతున్న పిల్లవాడికి ఎవరో చుట్టం ఇలాంటిది కట్టి, బ్రెయిన్ అంతా కామ్‌గా ఉందని ఫోన్లో చూపించాడు. ఇంట్లోవాళ్ళు మాత్ర మానేశారు. మా దగ్గరికి తెచ్చేసరికి ఫిట్ ఆగకుండా వస్తోంది. ఆ తల్లి నాకు ఫోన్ చూపిస్తూ ‘ఇందులో బాగానే ఉంది కదమ్మా’ అంటూనే ఉంది. ఇక మీరు 24 బిట్లంటే నాకు ఒళ్ళు మండుతుంది. మీలాంటివాళ్ళ మాటలు నమ్మే కొంటున్నారు జనం.

సోల్డర్_భీమవరం:
నా వల్లా?? సరే, మీ ఖరీదైన మిషన్ల సంగతి నేను చెబుతా. మా తమ్ముడికి మూడుసార్లు ఈఈజీ తీశారు. ప్రతిసారీ అరగంట, ప్రతిసారీ నార్మల్. మూడోసారి ఆ డాక్టరు ‘పని ఎగ్గొట్టడానికి నాటకం’ అన్నాడు, వాడి ముందే. వాడికి వచ్చేది తెల్లవారుజామున నాలుగింటికి, రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉన్నప్పుడు. ఒకసారి ఏరేటర్ పక్కనే పడ్డాడు, పక్క చెరువు కుర్రాడు చూడబట్టి సరిపోయింది. ఆ నాలుగింటికి మీ 21 ఎలక్ట్రోడ్లు ఎక్కడున్నాయి? రాత్రంతా తీయాలంటే పెద్ద ఊరెళ్ళి అడ్మిట్ అవ్వాలన్నారు. చెరువు మీద అప్పున్నవాడు గట్టు వదిలి ఎలా వెళ్తాడు? అందుకే రెండేళ్ళుగా బోర్డులు కొంటున్నా, ఇంట్లో కట్టి రాత్రంతా తీద్దామని. చవకది పనికిరాదని మీరంటే మాకు ఏదీ పనికిరాదనే అర్థం.

వీరవాసరం99:
ఇది ముందే చెప్పొచ్చు కదన్నా. రెండ్రోజుల నుంచి కిలో ఓమ్‌లు చదువుతున్నాం.

కాకినాడ_ఈఈజీ:
అరగంటలో నార్మల్ వస్తే మూర్ఛ లేదని అర్థం కాదండి. నాటకం అన్నది ఎవరైనా సరే, అది తప్పు. కానీ మీరు కట్టిన దాంట్లోనూ ఏమీ కనపడలేదనుకోండి, అప్పుడు? ఫిట్‌లో కొట్టుకునేటప్పుడు నాలుగు పొడి ఎలక్ట్రోడ్లలో వచ్చేది ముప్పాతిక కండరాలే. మిగతా రాత్రంతా చక్కగా ఉంటుంది. ఆ చక్కటి గ్రాఫ్ తీసుకెళ్తే అదే డాక్టరు ‘చూశారా’ అంటాడు. ముందు రాత్రి నిద్ర లేకుండా ఉంచి తీసిన ఈఈజీలో దొరికే అవకాశం ఎక్కువ, అలా తీశారా? ఫిట్ వచ్చినప్పుడు ఫోన్లో వీడియో తీశారా?

సోల్డర్_భీమవరం:
నిద్ర లేకుండా తీయలేదు. వీడియో ఎవరూ అడగలేదు. గట్టు మీద తీసేదెవరు, ఒక్కడే ఉంటాడు.

కాకినాడ_ఈఈజీ:
ముందు ఆ ఒంటరి కాపలా మానిపించండి. చిప్ సంగతి తర్వాత కొట్టుకుందాం.

సోల్డర్_భీమవరం:
అప్పిచ్చినవాళ్ళతో మీరు మాట్లాడతారా? మానిపించండి అనడం తేలికే. వీడియో మాట మాత్రం చూస్తాను. మిషన్ ఇంటికి వచ్చేదాకా నేను బోర్డులు ఆపను, అది మాత్రం చెబుతున్నా.

తణుకు_నాన్న:
అయితే ఆ 41 మాటేంటండి? చింపేయొచ్చా?

కాకినాడ_ఈఈజీ:
ఇవాళే చింపండి. అమ్మాయి ఎదురుగా చింపండి.

పాలకొల్లు_ఫైనలియర్:
ఇంత పెద్దది అవుతుందనుకోలేదండి, సారీ. ఈ రోజు షాంపూతో తలంటుకుని, చెవుల వెనక తడిగుడ్డతో తుడుచుకుని కూర్చున్నాను. అయినా తాటిచెట్టు ఉంది. తర్వాత తెలిసింది, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చార్జింగ్‌లో ఉంచుతున్నాను. రెండు పిన్నుల చార్జర్, ముట్టుకుంటే జివ్వుమంటుంది కదా, అది. తీసేసి అరుగు మీద కూర్చుంటే గీత సగానికి పైగా పడిపోయింది, కళ్ళు మూయగానే 10 దగ్గర గుట్ట లేచింది, చెవుల వెనక చానెళ్ళలో మాత్రమే. ఫ్రెండుకి మాత్రం ఇప్పటికీ లేదు.

కాకినాడ_ఈఈజీ:
కొంతమందికి ఆల్ఫా సహజంగానే తక్కువ బాబూ. ఏం కాదు.

కొబ్బరితోట:
నేను మొదటి రోజే చెప్పాను.

పాలకొల్లు_ఫైనలియర్:
ప్రాజెక్టు అయ్యేదాకా తలకి నూనె వద్దన్నానని అమ్మ గొడవ చేస్తోంది. వారానికి ఒకరోజు రాసుకుంటే పర్వాలేదా అక్కా?