చిన్న మౌత్‌పీస్ వేస్తే పై స్వరాలు వస్తాయా?

కొత్తట్రంపెట్ (హనుమకొండ):
అన్నలకు నమస్తే. నేను పెళ్లి బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తా. నేను వాడే మౌత్‌పీస్ (పెదవికి ఆనించి ఊదే ఇత్తడి ముక్క) బాక్ కంపెనీ 7సి. బరాత్ మొదట్లో బాగానే పలుకుతుంది. సగం దారికి వచ్చేసరికి పెదవి మొద్దుబారి, పై సి అనే ఎత్తు స్వరం కోసం ఊదితే గాలి పోతుంది తప్ప స్వరం రాదు. మా ఓనర్ షిల్కే కంపెనీ 14ఎ4ఎ కొనుక్కోమంటున్నాడు. చర్చిలో వాయించే దోస్తు బాక్ 3సి కొను, టోన్ నిండుగా ఉంటుంది అంటున్నాడు. శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ఏది తీసుకోవాలి?

బరాత్‌అన్న (వరంగల్):
14ఎ4ఎ తీసుకో తమ్మీ, ఇంకో ఆలోచన వద్దు. దాని కప్పు, అంటే పెదవి ఆనే గిన్నె, లోతు తక్కువ, సౌండ్ సూటిగా పోతుంది. ములుగు రోడ్డు మీద ముందు జనరేటర్ బండి, వెనక పటాకులు. అక్కడ నీ నిండు టోన్ ఎవనికి వినపడాలె? నేను ఇరవై ఏండ్లకు పైగా చూస్తున్న, లోతు కప్పుతో బరాత్ గట్టెక్కినోడు లేడు.

కొయిర్‌మాస్టర్ (కాజీపేట):
దయచేసి పిల్లవాడిని తప్పుదారి పట్టించకండి. లోతు తక్కువ కప్పు స్వరానికి మెరుపునిస్తుంది, అలవాటైనవాడికి పైన కాస్త శ్రమ తగ్గిస్తుంది. అంతే. రాని స్వరాన్ని తెచ్చి పెట్టదు. ట్రంపెట్ మీద పై సి అంటే పెదవులు సెకనుకు 932 సార్లు కొట్టుకోవాలి. ఆ పని ఇత్తడి చేయదు, పెదవే చేయాలి. పెదవి ఉబ్బి ఉన్నప్పుడు లోతు తక్కువ కప్పు పెడితే అది లోపలికి పోయి అడుగుకు తగులుతుంది. అప్పుడు అసలు పలకదు. పైగా పై స్వరాలు శ్రుతి మించి పోతాయి, పక్కన క్లారినెట్ ఉంటే ఇంకా తెలిసిపోతుంది. 3సి తీసుకుని రోజూ పొద్దున సన్నగా దీర్ఘస్వరాలు సాధన చేయాలి.

మానేరు (కరీంనగర్):
3 అంటే 7 కంటే చిన్నదే కదా? మరి టోన్ ఎట్లా నిండుతుంది?

కొయిర్‌మాస్టర్:
బాక్‌లో అంకె తగ్గితే కప్పు వెడల్పు పెరుగుతుంది. పక్కన ఉన్న అక్షరం లోతు: ఎ బాగా లోతు, ఇ, ఎఫ్‌కు వచ్చేసరికి పల్లెం. యమహా, షిల్కేల్లో తిరగేసి ఉంటుంది, అంకె పెరిగితే వెడల్పు పెరుగుతుంది. యమహా 11బి4 వాయించేవాళ్లు బాక్ 11 అడిగితే చేతికి చిన్నది వస్తుంది.

బరాత్‌అన్న:
లెక్కలు మస్తుగా చెప్తున్నరు సార్. కంపెనీ కాగితంలో 7సి వెడల్పు 16.20 మిల్లీమీటర్లు, 3సి 16.30. పదో వంతు మిల్లీమీటరు, వెంట్రుక మందం! ఆ వెంట్రుక కోసం వేలు పోసి కొనమంటారా?

కొయిర్‌మాస్టర్:
పెదవి మీద ఆ వెంట్రుక తెలుస్తుంది. ఇంకా ముఖ్యమైనది అంచు. అంచు వంపు మారితే ఒత్తిడి పడే చోటే మారుతుంది. 16.20, 16.30 అని పట్టుకుని కూర్చుంటే ఎట్లా?

బరాత్‌అన్న:
అంకెలు మొదలుపెట్టింది మీరు. ఇప్పుడు అంకెలు కాదు అంచు అంటున్నరు.

పాతయూఫోనియం (జగిత్యాల):
తమ్మీ, నీ ట్రంపెట్ మీరట్‌లోని బ్యాండ్ వాయిద్యాల బజారు జాలీకోఠీదా? ముందు షాంక్ చూసుకో, అదే మౌత్‌పీస్‌కు ట్రంపెట్ గొట్టంలో దూరే కొస. ఆ గొట్టంలో బాక్ మౌత్‌పీస్ కొన్నిసార్లు సరిగ్గా కూర్చోదు, పెట్టి తిప్పితే లోపల ఆడుతుంది. మా దగ్గర ఒకడు సిగరెట్ కాగితం చుట్టి బిగించేవాడు. చెమటకు కాగితం నానగానే గాలి లీకయ్యేది. కార్నెట్‌ది అస్సలు పెట్టకు, దాని షాంక్ సన్నం.

కొత్తట్రంపెట్:
ఆడట్లేదన్నా, గట్టిగానే కూర్చుంటుంది. కానీ పెదవి మీద గుండ్రంగా ఎర్రటి అచ్చు పడుతోంది, పొద్దుటికి కూడా పోదు. పై పెదవి మధ్యలో తిమ్మిరి.

బరాత్‌అన్న:
అందరికీ పడుతుంది. అలవాటైతది.

కొయిర్‌మాస్టర్:
అలవాటు కాదు, చెడిపోతుంది! ట్రంపెట్‌ను ముఖానికేసి నొక్కి స్వరం పిండుతున్నాడు. అమెరికా జాజ్ ట్రంపెటర్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడికే 1930ల్లో పెదవి దెబ్బతిని వాయిద్యం పక్కన పెట్టాల్సి వచ్చింది. నోటి చుట్టూ ఉండే కండరం చిరిగితే ఆయన ముద్దుపేరుతోనే సాచ్‌మో సిండ్రోమ్ అంటారు. నాకు తెలిసిన మంచి ట్రంపెటర్ ఇలాగే బరాత్‌లలో వాయించి వాయించి ఇప్పుడు సైడ్ డ్రమ్ కొడుతున్నాడు. వాయించినన్నాళ్లు వాడుకున్న బ్యాండ్ వైద్యం ఖర్చు కూడా ఇవ్వలేదు. ఏసీ హాల్లో కూర్చుని చెప్తున్నానని అనుకోకండి, నేనూ ఆ రోడ్ల మీద వాయించినవాడినే.

బరాత్‌అన్న:
ఆ బ్యాండ్ అంటే ఏ బ్యాండ్? సూటిగా అనండి. మీకు పండుగకు నాలుగు పాటలు, మధ్యలో ప్రార్థన, పెదవికి రెస్టు. మాకు ఫంక్షన్ హాల్ గేటు దాకా ఆపేదే లేదు. ఆపితే పెళ్లికొడుకు దోస్తులు వచ్చి మీద పడతారు. మీరు వచ్చి ఒక్క బరాత్ 3సితో వాయించి చూపియ్యండి.

మానేరు:
ఇద్దరూ గొడవ పడేముందు ఒక్క మాట. తమ్ముడూ, మీ బ్యాండ్‌లో ట్రంపెట్లు ఎన్ని?

కొత్తట్రంపెట్:
ఒక్కటేనన్నా. ముందు ముగ్గురం. ఒకరు పల్లవి వాయిస్తే ఇంకొకరు చరణం, మూడో ఆయన ఊపిరి తీసుకునేవాడు. డీజే వచ్చినాక ఇద్దరిని ఆపేసిండ్రు. ఇప్పుడు పాట మొత్తం నేనే, క్లారినెట్ బాబాయ్ అందుకుంటే అప్పుడొక రెండు లైన్లు గ్యాప్.

కొయిర్‌మాస్టర్:
అదీ సంగతి. ముగ్గురి పని ఒక్క పెదవితో చేయించుకుంటూ మౌత్‌పీస్ మార్చుకో అంటున్నాడు ఆ ఓనర్. అది కూడా సొంత డబ్బులతో.

బరాత్‌అన్న:
సార్, ఓనర్ ఓనర్ అని ఊరికే అనకండి. నాదీ బ్యాండే. పెళ్లివాళ్లు డీజేకు అడిగినంత ఇస్తారు, బ్యాండ్ దగ్గరికి వచ్చేసరికి 'నలుగురు చాలు, ఫొటోలో కనపడితే అయిపాయె' అంటారు. ముగ్గురు ట్రంపెట్‌వాళ్లను పెడితే డ్రెస్సులు, ఆటో, భోజనాలు పోను నాకేం మిగులుతది? ఉన్న ఒక్కడు డీజే సౌండ్ బాక్సులను దాటి వినపడకపోతే వచ్చే ఏడు ఆ బుకింగ్ కూడా రాదు. అందుకే 14ఎ4ఎ. సోకు కోసం కాదు.

కొయిర్‌మాస్టర్:
ఆ మాట మొదటే చెప్తే నేను కప్పు లోతు గురించి ఇంత రాసేవాడిని కాదు. బాక్సులతో పోటీ పడటానికి ఏ మౌత్‌పీసూ లేదు. ఒక మైకు పెట్టండి, లేదా రెండో ట్రంపెట్‌ను పెట్టండి.

బరాత్‌అన్న:
మైకు పెడితే బ్యాటరీ, ఆంప్లిఫయర్, మోసేవాడు. రెండో ట్రంపెట్ పైసలు మీరిస్తారా?

పాతయూఫోనియం:
ఊరేగింపులో నడిచే దారి మొత్తం ట్రంపెటే ఎందుకు లీడ్ చేయాలె? మేము కింది స్వరాల్లో పల్లవి యూఫోనియంకు, అంటే పెద్ద ఇత్తడి బూరకు, ఇచ్చేవాళ్లం. ట్రంపెట్ చౌరస్తాల్లో మాత్రమే లేచేది. అక్కడే డబ్బులు కూడా పడేవి.

కొత్తట్రంపెట్:
యూఫోనియం బాబాయ్‌ను కూడా ఆపేసిండ్రన్నా. క్లారినెట్ బాబాయ్‌ను ఇంకో రెండు చరణాలు తీసుకోమని అడుగుతా. కొనడం ఇప్పుడు వద్దనుకుంటున్నా, 7సితోనే పొద్దున దీర్ఘస్వరాలు మొదలుపెట్టిన. ఓనర్‌కు ఏం చెప్పాలో చెప్పండి.

బరాత్‌అన్న:
ఫోన్ చెయ్యమను నాకు. నా పాత 14ఎ4ఎ ఉంది, ఊరికే ఇస్త. ఒక్క బరాత్ వాయించి చూడు, నచ్చకపోతే తిరిగియ్యి.

కొయిర్‌మాస్టర్:
తీసుకో బాబూ, కానీ ముందు ఇంట్లో నిదానంగా వాయించు, ఉబ్బిన పెదవి మీద పెట్టకు. తిమ్మిరి తగ్గేదాకా ఆ ముహూర్తాల్లో ఒకటి వదులుకో.

బరాత్‌అన్న:
మళ్లీ వదులుకో అంటారు!