తమ్ముడు డబుల్ బాస్ నేర్చుకుంటానంటున్నాడు, దీంతో బతకొచ్చా?

పర్లాకిమిడి అక్క:
తమ్ముడు ప్లస్ టూ అయ్యాడు. చర్చిలో బాస్ గిటార్ వాయిస్తాడు, పెళ్లిళ్లకి ఆర్కెస్ట్రా వాళ్లు కూడా పిలుస్తుంటారు. ఈమధ్య వీడియోల్లో డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) చూసి, అదే నేర్చుకుని కచేరీలు చేస్తా, పాఠాలు చెబుతా అని పట్టుబట్టాడు. నాన్నేమో పోలీసు పరీక్ష రాయమంటారు, రోజూ ఇంట్లో ఇదే గొడవ. దీన్ని నమ్ముకుని ఎవరైనా నిజంగా బతుకుతున్నారా? మన వైపు నేర్పేవాళ్లయితే నాకు కనబడలేదు.

బరంపురం బాసు:
బతుకుతారు చెల్లీ, కానీ ఒక్క జీతం మీద బతికేవాళ్లు తక్కువ. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో కూడా బాస్ వాళ్లు మామూలుగా ఎనిమిది మంది దాకానే ఉంటారు, ఒక కుర్చీ ఖాళీ అయిందంటే చాలాచోట్ల తెర వెనక వాయించమని ఆడిషన్ పెడతారు, బీథోవెన్ 5, 9 సింఫనీల్లోని బాస్ భాగాలు అందులో మామూలే. మన దేశంలో అలాంటిదంటే ముంబైలోని కళాకేంద్రం ఎన్‌సీపీఏలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా, అందులోనూ చాలామంది బయటి దేశాలవాళ్లే. మిగతావాళ్లు జాజ్, రికార్డింగులు, పాఠాలు అన్నీ కలిపి నెట్టుకొస్తారు, వాటిలో నెలనెలా వచ్చేది పాఠాల డబ్బే. అందుకే పాఠాలు చెబుతా అన్నాడు చూడండి, అది తెలివైన మాట. డబుల్ బాస్ మీద సోలోగా అంత పేరు తెచ్చుకున్న గ్యారీ కార్ కూడా యూనివర్సిటీలో నేర్పినవాడే.

ఇంకొకటి, తీగల శ్రుతి బాస్ గిటార్‌దే, ఈ ఏ డీ జీ. రాసినదానికంటే ఒక స్థాయి కింద పలకడం కూడా అంతే. కాకపోతే ఫ్రెట్లు ఉండవు, కమాను ఉంటుంది, వేళ్లు కూడా మార్చుకోవాలి. సిమాండ్ల్ అనే పాత బాస్ పాఠ్యపుస్తకం పద్ధతిలో కింది పొజిషన్లకి (తక్కువ స్వరాలు పలికే చోట్ల) 1, 2, 4 వేళ్లే, అంటే చూపుడు, మధ్య, చిటికెన వేళ్లే, ఉంగరపు వేలు చిటికెన వేలికి సాయం పడుతుంది అంతే.

రాయగడ రవాణా:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ అసలు టెన్షన్ వాయిద్యంతోనే. మనిషికంటే ఎత్తు, ఆటోలో పట్టదు, రైల్లో లగేజీ బుక్ చేస్తే ఎలా విసిరేస్తారో తెలిసిందే. మన వానాకాలం తేమకీ ఎండాకాలానికీ మంచి చెక్క చీలుతుంది, అతుకులు ఊడతాయి, బాగుచేసేవాడు దగ్గర్లో ఉండడు. మొదటిది ప్లైవుడ్‌దే కొనండి. త్రీ ఫోర్త్ సైజు అంటే పిల్లలదనుకోకండి, పెద్దవాళ్లు ఎక్కువగా వాయించేది అదే. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చాలి, అన్నీ ఒకేసారి వదులు చేస్తే లోపల నిలబెట్టిన కర్ర పడిపోతుంది.

పర్లాకిమిడి అక్క:
గురువు లేకుండా మొదలుపెట్టొచ్చా?

విశాఖ చెల్లో:
ఫ్రాన్స్వా రబాత్ అని ఒక డబుల్ బాస్ కళాకారుడు, 1931లో సిరియాలోని అలెప్పోలో పుట్టాడు, ఎడ్వార్డ్ నాని అనే ఫ్రెంచ్ బాస్ గురువు రాసిన పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నాడు. ఆ నానిని కలుద్దామని పారిస్ వెళ్తే ఆయన అప్పటికే చనిపోయారు. ఈయన తర్వాత పారిస్ ఒపేరా ఆర్కెస్ట్రాలో వాయించాడు, సొంత బోధనా పద్ధతి కూడా రాశాడు. ఇది వినగానే మీవాడు ఎగిరి గంతేస్తాడు, కానీ వెయ్యిమందిలో ఒకడికి కుదిరేది మనకి లెక్క కాదు. తప్పుడు పట్టుతో గంటలు గంటలు సాధన చేస్తే మణికట్టు, భుజం పోతాయి. కమాన్లు రెండు రకాలు, ఫ్రెంచ్, జర్మన్; అందులో ఫ్రెంచ్‌ది తీసుకోండి, పట్టు చెల్లోకి (కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) దగ్గరగా ఉంటుంది కాబట్టి విశాఖలో చెల్లో టీచర్ దొరికితే అప్పుడప్పుడూ వచ్చి చెయ్యి సరిదిద్దించుకోవచ్చు, జర్మన్ కమానయితే పట్టే వేరు, ఆ దారి ఉండదు. మిగతాది ఆన్‌లైన్. లండన్ సంస్థలైన ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం గ్రేడ్ పరీక్షలు డబుల్ బాస్‌కీ ఉన్నాయి, రేపు ఏ ఇంటర్నేషనల్ స్కూల్లోనో పాఠాలు చెప్పాలంటే ఆ కాగితం అడుగుతారు. చెన్నై కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీకి కూడా ఫోన్ చేసి బాస్ నేర్పేవాళ్లున్నారేమో కనుక్కోండి. పోలీసు పరీక్ష ఫారం కూడా నింపమనండి, ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది.

పర్లాకిమిడి అక్క:
ఫారం నింపితే ఫోన్ చేయడానికి నాన్న ఒప్పుకున్నారు. రాయగడ అన్నయ్యా, ప్లైవుడ్‌ది సెకండ్ హ్యాండ్‌లో ఎక్కడైనా కనబడితే ఇక్కడే రాయండి.